మనుషులు విడిగా కొనుక్కోవాలి

జూన్ 3, సోమవారం

కొనేశాను. వెనక్కి తీసుకోరట. ఆ సంగతి కొన్నాక చెప్పారు.

రైలు నడిపే గేమ్ అది. గేమ్ ఒక్కటే కొంటే ఏమీ రాదు, మొదలుపెట్టే బటన్ తప్ప. నడపడానికి ఒక లైను కావాలి. దాన్ని రూట్ అంటారు, దాన్ని విడిగా కొనాలి. కొండల్లోంచి వెళ్ళే లైనొకటి కొన్నాను. దాని బొమ్మలో ఎర్ర ఇంజిన్ ఒకటి మలుపు తిరుగుతోంది. నాన్న నడిపే ఇంజిన్ కూడా ఆ బాపతుదే. అది చూసే కొన్నాను.

ఒక్కసారి సూటిగా రాసేస్తాను, మళ్ళీ రాయక్కర్లేకుండా. నాన్న రైలు డ్రైవరు. చలికాలం చివర్లో, బండి ఆగని ఒక చిన్న స్టేషన్‌లో ఒకావిడ ఈ ప్లాట్‌ఫాం దిగి అవతలి ప్లాట్‌ఫాంకి పట్టాల మీదుగా దాటబోయింది. నాన్న హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. బండి ఆగేటప్పటికి స్టేషన్ వెనకపడిపోయింది. ఆవిడ బతకలేదు. విచారణలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. తప్పేమీ లేదన్న మాట పట్టుకుని నాన్న ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇంతవరకూ మళ్ళీ ఇంజినెక్కలేదు.

జూలై ఒకటిన ఆఫీసుకెళ్ళి చెప్పాలి: మళ్ళీ లైను మీదకి వస్తాడా, వేరే పని ఇమ్మంటాడా అన్నది. ఒకసారి వదిలేస్తే మళ్ళీ లైను ఇవ్వరు. నాన్నకి రైలు నడపడం తప్ప ఇంకేం చెయ్యాలనీ ఎప్పుడూ లేదు. అది కూడా పోతే ఏమైపోతాడో నాకు తెలియదు. అమ్మకీ తెలియదు, కానీ తెలిసినట్టే ఉంటుంది.

ఇంట్లో కూర్చుని నడిపితే భయం పోతుందని నా ఆలోచన. పిల్లల్ని నీళ్ళలోకి దింపేముందు బకెట్లో ఆడిస్తారు కదా, అలాగ.

మ్యాపుల కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఉద్యోగంలో చేరతారా చేరరా అని. ఆ ఊరు ఇక్కడికి చాలా దూరం. ఇంట్లో పరిస్థితి కుదుటపడాలన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు. గేమ్ నాన్న కోసమే కొన్నాను.

జూన్ 4, మంగళవారం

ఎర్ర ఇంజిన్ రాలేదు. కొండలొచ్చాయి, వంతెనొచ్చింది, సొరంగం కూడా వచ్చింది. ఇంజిన్ మాత్రం గోధుమరంగు పెట్టె. ఏం పొరపాటు జరిగిందో అంతుబట్టడం లేదు.

జూన్ 5, బుధవారం

హెల్ప్‌డెస్క్‌కి రాశాను. జవాబు "ప్రియమైన వినియోగదారుగారికి" అని మొదలైంది. అవతల ఉన్నది మనిషో, యంత్రమో, ఆడో మగో తెలియదు. ఇకనుంచి ఆ శాల్తీకి "ప్రియమైన" అని పేరు పెట్టాను.

ప్రియమైన చెప్పినదాంట్లో నా బుర్రకెక్కింది ఇదీ. రూట్‌తో పట్టాలు, సిగ్నళ్ళు, స్టేషన్లు, ఒక గోధుమరంగు ఇంజిన్, దాని వెనక తగిలించడానికి గూడ్స్ పెట్టెలూ, నడపడానికి కొన్ని ప్రయాణాలూ వస్తాయి. ఎర్ర ఇంజిన్ ఆ లైను మీద తిరుగుతుంది గానీ ఆ లైనుతో రాదు. అది ఇంకో రూట్‌తో వస్తుంది. ఆ రూట్ కొంటే ఎర్ర ఇంజిన్ మనదవుతుంది. కానీ దాన్ని కొండల లైను మీద నడపాలంటే మళ్ళీ ఒక ప్రయాణాల ప్యాక్ కావాలి. ఆ ప్యాక్‌తో ఇంజిన్ రాదు, అప్పటికే ఇంజిన్ ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది. లేదా ఇంజిన్‌ని విడిగా కొనుక్కోవచ్చు. అప్పుడు దాంతోపాటు ఒక చిన్న లైను ఊరికే ఇస్తారు. అది కొంతదూరం పోయి ఒక గోడ దగ్గర ఆగిపోతుంది.

మనసులో చదివితే అర్థం కాక పైకి చదివాను. అమ్మ అప్పుడే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. పొద్దంతా జనాల ముక్కు మీద అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడగడం అమ్మ పని. ఇంటికొచ్చినా నోరు మారదు. గొడుగు కొనేటప్పుడు కూడా అలాగే అడుగుతుంది. నేను చదివిందంతా విని, ఇన్ని అద్దాలు మార్చినా కనబడకపోతే మేం మనిషిని పెద్దాసుపత్రికి పంపిస్తాం, నువ్వు కూడా బయల్దేరు అంది.

చివరికి ఇంజిన్ విడిగా కొన్నాను, కొండల లైనుకి ఆ ప్రయాణాల ప్యాక్ కూడా కొన్నాను. గోడ దగ్గర ఆగిపోయే లైను కూడా వచ్చింది. అదేం చేసుకోవాలో తెలియదు.

జూన్ 9, ఆదివారం

ఇవాళ నడిపాడు!

ఎలా జరిగిందో వరసగా రాస్తాను. బాబాయి వచ్చాడు. మాకు రక్తసంబంధమేం లేదు, మాది ఇంజిన్ వరస. నాన్న పక్కసీట్లో కూర్చునే అసిస్టెంటు. ఆ రోజు కూడా పక్కనే ఉన్నాడు. వారం తిరక్కుండానే ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. ఎలా ఎక్కగలిగావు బాబాయ్ అని అడగాలని ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది.

వాళ్ళిద్దరూ హాల్లో ఉండగా నేను కావాలని కంప్యూటర్ ముందు కూర్చుని, కావాలని ఘోరంగా నడిపాను. కావాలని అని రాశాను గానీ, నిజానికి నాకు అంతే వచ్చు. ఎర్ర సిగ్నల్ దాటించేశాను. మలుపులో పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. బాబాయి వెనకనుంచి చూసి, "లాయరమ్మా, ఆ పెట్టెల్లో గాజుసామానుంటే ఈపాటికి ముగ్గులు పెట్టుకోడానికి పనికొచ్చేది" అన్నాడు. చిన్నప్పటినుంచీ అన్నిటికీ వాదిస్తానని నాకు ఆ పేరు.

నాన్న పేపరు మడిచి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు చూశాడు. "లే" అన్నాడు.

లేచాను. కుర్చీ మీద దిండు తీసి పక్కన పడేశాడు. మెత్తగా కూర్చుంటే బండి తెలియదట. ఇక్కడ బండే లేదు నాన్నా అనలేదు. ఏ మీట ఏదో తెలియక చెయ్యి గాల్లో వెతుక్కుంటుంటే, నేను చీటీలు కత్తిరించి కీబోర్డు మీద అంటించాను. హారన్, బ్రేకు, వేగం. ఎమర్జెన్సీ బ్రేకుకి ఎర్ర చీటీ.

తర్వాత జరిగింది నేనూహించలేదు. తెర మీద సిగ్నల్ కనబడగానే నాన్న పైకి "పచ్చ" అన్నాడు. వెనకనుంచి బాబాయి చెయ్యెత్తి "పచ్చ" అన్నాడు. ఇంజిన్లో పద్ధతి అదే. ఒకరు చూసి చెప్పాలి, రెండోవాళ్ళు చూసి తిరిగి చెప్పాలి. రెండు నోళ్ళు ఒకటే మాటంటే అప్పుడు అది సిగ్నల్. పసుపు. పసుపు. పచ్చ. పచ్చ. వంతెన దాటాక నాన్న, బ్రేకు మరీ తొందరగా పడుతోంది, అసలు బండికి ఇంత విధేయత ఉండదు అన్నాడు. మొహంలో ఏదో కదిలింది. నవ్వనలేను గానీ, నవ్వు ఉండే చోటే.

జూన్ 12, బుధవారం

రోజూ నడుపుతున్నాడు. అమ్మ దుకాణానికి వెళ్ళగానే కూర్చుంటాడు. బాబాయి లేనప్పుడు తిరిగి చెప్పేది నేనే. కూరగాయలు తరుగుతూ వంటింట్లోంచే "పచ్చ" అని అరిచాను. చూడకుండా చెప్పకూడదని తిట్టాడు. తిట్టాడంటే బాగైపోయినట్టే.

జూన్ 13, గురువారం

ఒకటి గమనించాను. గూడ్స్ బండే నడుపుతాడు. ఎర్ర ఇంజిన్ అంత కష్టపడి తెచ్చానా, దానికి ప్రయాణికుల పెట్టెలున్నాయి, వాటి జోలికి పోడు. ఎందుకు నాన్నా అంటే గూడ్సే బరువుగా ఉంటుంది, బాగుంటుంది అన్నాడు. నిజమే కావచ్చు.

ఇంకొకటి. స్టేషన్లలో మనుషుల్లేరు. బెంచీలున్నాయి, గడియారముంది, దీపాలు వెలుగుతున్నాయి, చెత్తబుట్ట కూడా ఉంది. పిట్ట మనిషి లేడు. ఊరంతా ఎవరో చెప్పగా ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. నాకు చూస్తుంటే గుబులుగా ఉంది. నాన్నకి అలా అనిపించడం లేదా? గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవడంలో ఏదో తప్పు జరిగిందని ప్రియమైనకి రాశాను.

"స్టేషన్లు రూట్‌తో వస్తాయి. ప్రయాణికులు రూట్‌తో రారు. వారిని విడిగా కొనుక్కోవాలి."

స్టేషన్ అమ్మి మనుషుల్ని అమ్మకపోవడమేమిటి? చెత్తబుట్ట ఇచ్చారు. అందులో వేసేవాళ్ళనివ్వలేదు.

మ్యాపుల కంపెనీకి జూలై మొదటి వారంలో చేరతానని చెప్పేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్న బాగైపోయాడు కాబట్టి చెప్పడం తేలిక. రేపు చెప్తాను.

జూన్ 16, ఆదివారం

మనుషుల్ని కొన్నాను. పెట్టేశాను కూడా. నాన్నకి చెప్పలేదు, రేపు తనే చూస్తాడు. మామూలు బండి నడపాలంటే జనం ఉండాలి కదా. ఎల్లకాలం ఖాళీ స్టేషన్లలో తిరిగితే ఏం లాభం? ఇదే ఆఖరి మెట్టు. ఇది దాటితే ఒకటో తారీకు నవ్వుతూ వెళ్తాడు.

ఇంట్లో ఉద్యోగం సంగతి ఇంకా చెప్పలేదు.

జూన్ 17, సోమవారం

గేమ్ పాడైంది. అదొక్కటే రాద్దామనుకున్నాను. కానీ గేమ్ పాడవలేదు.

మలుపు తిరిగాక చిన్న స్టేషన్. నాన్న "పచ్చ" అన్నాడు. నేను పక్కనే నిలబడి "పచ్చ" అన్నాను, నవ్వాపుకుంటూ. ప్లాట్‌ఫాం నిండా జనం. నీలం కోటావిడ, గొడుగు పెద్దమనిషి, సంచీ అబ్బాయి, మళ్ళీ ఒక నీలం కోటావిడ, అదే మొహంతో. ఆ ప్యాక్‌లో మొహాలు కొన్నే ఉన్నాయి, వాటినే తిప్పి తిప్పి నిలబెట్టారు.

హారన్ మోగింది. మోగుతూనే ఉంది. నాన్న వేలు చీటీ మీదనుంచి లేవలేదు. రెండో చెయ్యి ఎర్ర చీటీ మీద పడింది. బండి కీచుమంటుంటే నీలం కోటు, గొడుగు, సంచీ, నీలం కోటు, ఒక్కొక్కళ్ళే పక్కనుంచి జారిపోయారు. వాళ్ళలో ఒక్కరూ కదలలేదు. ప్లాట్‌ఫాం అయిపోయాక ఆగింది. తెర మీద రాసింది: "అనవసరంగా ఎమర్జెన్సీ బ్రేకు వేశారు. మార్కులు తగ్గించాం."

నాన్న లేచి వంటింట్లోకెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగాడు.

జూన్ 18, మంగళవారం

కొంచెం నీరసంగా ఉందట. ఎండల వల్ల.

జూన్ 19, బుధవారం

ఎండల వల్లే అయ్యుంటుంది.

జూన్ 20, గురువారం

కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. నేను కప్పలేదు.

అమ్మ ఇవాళ దుకాణానికి ఆలస్యంగా వెళ్తానని నన్ను వాకిట్లోకి పిలిచింది. గొంతు పెంచలేదు. అమ్మ గొంతు పెంచితే నాకు ధైర్యంగా ఉంటుంది, పెంచకపోతే భయం.

"ఎవర్నడిగి పెట్టావే మనుషుల్ని?"

విడిగా వస్తారమ్మా, కొనకపోతే రారు, స్టేషన్ బోసిగా ఉందీ అని ఏదేదో చెప్పాను. అమ్మ వింది. బోసిగా ఉండబట్టే అక్కడ కూర్చున్నాడు కదే, అంది. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఈ మాట నాకెందుకు తట్టలేదు? నేను పదిరకాల మ్యాపులు చదవగలను. గూడ్స్ ఎందుకు నాన్నా అని అడిగింది నేనే, జవాబు నమ్మిందీ నేనే. గూడ్స్ ఏ ప్లాట్‌ఫాం దగ్గరా ఆగక్కర్లేదు.

సాయంత్రం బాబాయి డ్యూటీ దిగి ఇటే వచ్చాడు. నాన్న పడుకున్నాడన్నాను. మెట్ల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ నాలుక చివర ఆగిందాన్ని అడిగేశాను. ఆయన బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"ఆవిడ హారన్ విని ఆగింది, లాయరమ్మా. ఆగి మా వైపు చూసింది. సరే వెనక్కెళ్తుంది అనుకున్నాం. దాటేయొచ్చులే అనుకుంది కాబోలు. అంతే. ఆ చూసిన క్షణంలో నేను తల తిప్పుకున్నాను. మీ నాన్న తిప్పుకోలేదు. డ్రైవరు తల తిప్పుకోకూడదు."

అందుకే వారం తిరక్కుండా ఎక్కగలిగానని ఆయన అనలేదు. నేనూ అనలేదు.

జూన్ 21, శుక్రవారం

మనుషుల్ని తీసేశాను. తీసేస్తే వాళ్ళతోపాటు బెంచీలు కూడా పోయాయి. గడియారం ఉంది, చెత్తబుట్ట ఉంది, బెంచీల్లేవు. ప్రియమైనని అడిగితే, మనుషుల ప్యాక్‌లో కొత్త బెంచీలు వస్తాయి, అవి పాత బెంచీల స్థానంలో కూర్చుంటాయి, ప్యాక్ పోతే కొత్తవి పోతాయి, పాతవి వాటంతటవి తిరిగి రావు అని జవాబు. బెంచీల మీద మనుషులు కూర్చుంటారు గానీ బెంచీలు వచ్చి కూర్చోవడమేమిటో! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నేను ఏం ముట్టుకున్నా మొదట ఉన్నట్టు మళ్ళీ ఉండదు.

అలా కూర్చునుండగా నాన్న వచ్చి వెనక నిలబడ్డాడు. దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. తెర వంక చూశాడు.

"బెంచీలేవి?"

చెప్పాను.

"పెట్టెయ్" అన్నాడు. "మనుషుల్ని కూడా."

వద్దు నాన్నా, నాకు తెలియక చేశానన్నాను. ఆయన వినిపించుకోలేదు. పెట్టాను. ఆ చిన్న స్టేషన్ దగ్గర, బండి లేకుండా, ఉత్త ప్లాట్‌ఫాం తెరిచి చూపించమన్నాడు. నీలం కోటావిణ్ణి చాలాసేపు చూశాడు. ఆవిడ బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటుంది, వాచీ చూసుకుంటుంది, మళ్ళీ కాలు మార్చుకుంటుంది. అంతే ఆవిడ జీవితం.

"వీళ్ళు పట్టాల మీదకి వస్తారా?"

నాకు తెలియదన్నాను.

"కనుక్కో."

జూన్ 22, శనివారం

ఇలాంటి ప్రశ్న ఎలా రాస్తారు? నాలుగు రకాలుగా రాసి కొట్టేశాను. చివరికి ఇలా పంపాను: "మీ ప్యాక్‌లోని ప్రయాణికులు ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా, ప్లాట్‌ఫాం దిగి పట్టాలు దాటుతారా? ఖచ్చితంగా చెప్పగలరు."

మొదట నా కంప్యూటర్ వివరాలడిగింది ప్రియమైన. ఇచ్చాను. మధ్యాహ్నం జవాబొచ్చింది:

"ప్రియమైన వినియోగదారుగారికి, ప్రయాణికులు ఎట్టి పరిస్థితిలోనూ ప్లాట్‌ఫాం అంచు దాటరు. పట్టాలు దాటే మనుషులు ఈ ప్యాక్‌లో లేరు, మా ఏ ప్యాక్‌లోనూ లేరు. అటువంటివారు కావాలన్న మీ కోరికను తయారీదారులకు తెలియజేస్తాము."

వద్దు, దయచేసి తెలియజేయొద్దని వెంటనే రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని వచ్చింది.

జూన్ 23, ఆదివారం

నాన్నకి చదివి వినిపించాను. "ఎట్టి పరిస్థితిలోనూ" అన్న ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అలాగని వాళ్ళు రాసిచ్చారా అన్నాడు. రాసిచ్చారు, ఇదిగో అన్నాను. తలాడించాడు.

దిండు తీసేసి కూర్చున్నాడు. బాబాయి కూడా ఉన్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. మలుపు తిరిగింది. పచ్చ అన్నాడు. మేమిద్దరం ఒకేసారి పచ్చ అన్నాం. ప్లాట్‌ఫాం వచ్చింది. నీలం కోటు, గొడుగు, సంచీ. హారన్ ఒక్కసారి, పద్ధతి ప్రకారం. వేగం తగ్గలేదు. దాటిపోయింది.

బాబాయి నా వీపు మీద చరిచాడు. నేను చప్పట్లు కొట్టాను. నాన్న అక్కడితో ఆగకుండా ఎర్ర ఇంజిన్‌కి ప్రయాణికుల పెట్టెలు తగిలించి మొదటినుంచీ చివరిదాకా నడిపాడు. ప్రతి స్టేషన్‌లోనూ గీత దగ్గర ఆపాడు. తలుపులు తెరిచాడు, మూశాడు. వెనక్కి చూస్తే అమ్మ లేదు.

నాన్న బాగైపోయాడు.

జూన్ 26, బుధవారం

ఉద్యోగం సంగతి చెప్పేశాను. నాన్న భుజం తట్టాడు, ఎప్పుడు ప్రయాణం అనడిగాడు. అమ్మ, భూగోళం చదివినదానివి, నీ గదిలో నీ చెప్పు ఎక్కడుందో నీకు తెలీదు, ఊళ్ళకి ఊళ్ళు గీస్తావా అంది. అంటే సంతోషించిందన్నమాట.

నాన్న యూనిఫాం బయటికి తీశాడు. అమ్మ ఇస్త్రీ చేసింది. చొక్కా మీద పెట్టె ఆనించి, ఎత్తి, ఏమీ చేయకుండా కాసేపు అలాగే నిలబడింది. వేడి చూసుకుంటోందేమో.

జూన్ 30, ఆదివారం

రేపే. నాన్న రోజూ నడిపాడు, రోజూ పూర్తి మార్కులు. నాకు ఏ అనుమానమూ లేదు. ఏ అనుమానమూ లేదని ఎందుకు రాశాను?

జూలై 1, సోమవారం

యూనిఫాంలో వెళ్ళాడు. భోజనాల వేళకి ముందే వచ్చేశాడు. చొక్కా విప్పి, ఇస్త్రీ మడతలు చెడకుండా కుర్చీ వీపుకి తగిలించాడు. మంచినీళ్ళడిగాడు. తాగాడు.

"యార్డులో పని అడిగాను. ఇచ్చారు."

యార్డంటే ఖాళీ పెట్టెల్ని ఈ పట్టా మీదనుంచి ఆ పట్టా మీదకి మార్చడం. చిన్న ఇంజిన్, నడిచే వేగం. ప్లాట్‌ఫాంలుండవు. ప్రయాణికులుండరు. ఇక లైను లేదు. ఎప్పటికీ లేదు.

నాకు కోపమొచ్చింది, నిజంగా. ఎందుకు నాన్నా, నడిపావు కదా, మా కళ్ళముందు నడిపావు కదా, అంతమంది నిలబడి ఉంటే దాటించావు కదా అన్నాను. లాయరు పేరు ఊరికే రాలేదు. నా వాదన అయ్యేదాకా నాన్న ఆగాడు.

"వాళ్ళు దిగరని రాసిచ్చారు కదమ్మా. అందుకని నడిపాను. బయట నాకెవరు రాసిస్తారు?"

ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను.

అమ్మకి ఆశ్చర్యం లేదు. వారం కిందటి ఆదివారం గుమ్మంలోంచి చూసినప్పుడే తెలిసిందట. ఆయన జనాన్ని దాటిస్తూ ఒక్కసారి కూడా వాళ్ళ మొహాలు చూడలేదే, చూడక్కర్లేదని తెలుసు కాబట్టి, అంది. మరి ఇస్త్రీ ఎందుకు చేశావమ్మా అనడిగాను. అమ్మ నా కళ్ళలోకి చూసింది, కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు. ఇదీ మసకే, అదీ మసకే అయితే, తక్కువ మసకగా ఉన్నదాన్ని రాసిస్తాం. అది కూడా మనిషే చెప్పాలి, మేం చెప్పం, అంది.

జూలై 3, బుధవారం

నేను మంచి చేశానా, చెడు చేశానా?

మనుషుల్ని పెట్టకపోయి ఉంటే నాన్న ఖాళీ స్టేషన్లలో నడుపుకుంటూ, ధైర్యం వచ్చిందనుకుని లైను మీదకి వెళ్ళేవాడు. వెళ్ళి మొదటి ప్లాట్‌ఫాం దగ్గరే... అప్పుడు వెనక పెట్టెల నిండా జనం ఉండేవాళ్ళు. లేదా ఏమీ అయ్యేది కాదు, అలవాటైపోయేది, బాబాయికి అయినట్టు. ప్రియమైన ఆ జవాబు ఇవ్వకపోయి ఉంటే? దిగుతారో దిగరో తెలియకుండానే ఒకరోజు నాన్న దాటించి ఉండేవాడేమో, అప్పుడు అది నిజం నడపడం అయ్యేదేమో. కనుక్కోమన్నది నాన్నే. కనుక్కుని చెప్పింది నేను. ఎంత దూరం వెళ్ళినా ఈ ఆలోచన గోడ దగ్గర ఆగిపోతోంది.

బాబాయి ఫోన్ చేశాడు. ఆయన పక్కన కొత్త డ్రైవరట. సిగ్నల్ గొణుగుతాడు, సరిగ్గా వినబడి చావదు అన్నాడు.

జూలై 5, శుక్రవారం

నాన్న యార్డుకి వెళ్ళొచ్చాడు. చేతులకి గ్రీజు. పిల్లిపిల్లలు ఒక పెట్టె కింద కాపురం పెట్టాయట, వాటిని లేపి గానీ కదపకూడదని అందరికీ చెప్పాడట. అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

దీన్ని బట్టి ఏదీ తేల్చను. తేల్చడం మానేశాను.

జూలై 7, ఆదివారం. రైల్లోంచి

నాన్న స్టేషన్ గేటు దాకా వచ్చాడు. ప్లాట్‌ఫాం మీదకి రానన్నాడు. అమ్మ లోపలికి వస్తానంటే నేనే వద్దన్నాను. నాన్న ఒక్కడూ గేటు దగ్గర నిలబడిపోతాడని. సంచీ జిప్పు లాగి చూసి, తాళం చూసి, ఇంక చూడటానికి ఏమీ లేక అమ్మ నా కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టింది.

గేటు కమ్మీల్లోంచి దూరంగా సిగ్నల్ కనబడుతోంది. నాన్న అటు చూసి, "పసుపు" అన్నాడు.

నేను కూడా చూసి, "పసుపు" అన్నాను. చూడకుండా చెప్పకూడదు కదా. పసుపంటే వెళ్ళొచ్చు, చూసుకుంటూ వెళ్ళాలి.

ప్లాట్‌ఫాం కిక్కిరిసి ఉంది. ఇంతకుముందు నేనెప్పుడూ వీళ్ళని ఇలా చూడలేదు. ఒక్కళ్ళూ కదలకుండా నిలబడరు. ఫోన్లో మాట్లాడుతూ అంచు దాకా వచ్చేవాళ్ళు, బండి వస్తోందా అని మెడ చాచి వంగేవాళ్ళు, జారిన చెప్పు కోసం కాలు కిందకి జాపినవాడు. అవతలి ప్లాట్‌ఫాం వాణ్ణి చూసి ఒకాయన ఇటే వచ్చేయరా అని చెయ్యి ఊపుతున్నాడు. ఏ మొహమూ ఇంకో మొహంలా లేదు. ఎవరేం చేస్తారో ఎవరూ రాసివ్వలేదు.

దూరం నుంచి హారన్ వినబడింది. ఆగకుండా, పొడుగ్గా. మలుపు తిరిగి ఇంజిన్ కనబడింది. ఎర్రది. అద్దం వెనక ఇద్దరు. డ్రైవరు మా వైపే చూస్తున్నాడు, వరసగా, ఒక్కొక్కళ్ళనీ.

నేను నా చక్రాల సూట్‌కేసు వెనక్కి లాగి, ఆయనకి కనబడేలా, రెండడుగులు వెనక్కి వేశాను. కనబడిందో లేదో తెలియదు. ఇంకా రెండడుగులు వేశాను. వెనక ఉన్న పెద్దావిడ కాలు తొక్కాను.

"ఏమ్మా, ఎక్కవా?" అంది విసుగ్గా.

"ఎక్కుతానండీ" అన్నాను. "ముందు ఆయన్ని ఆపనివ్వండి."